రాజ్యవిభజనమును, నాయకుల మార్పును

2019వ సంవత్సరము మే నెల 24వ తేదీని బ్రిటను ప్రధానమంత్రిణి థెరెసా మే తన అధికారగృహపు వాకిట నిలువబడి, తాను పదవి విడుచుచున్నట్లు లోకమునకు దెలిపెను. ప్రసంగము ముగియువేళ నామె కంఠము గద్గదమయ్యెను. వేసవి సెలవుల పిమ్మట పాఠశాల తెరవగానే తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ఆ సంగతి జ్ఞప్తియందుంచుకొని నన్నిట్లడిగెను: “మాష్టారండీ, వాళ్లు యూరపునుంచి విడిపోతామన్నారు గదండీ. విడిపోకముందే ప్రధానమంత్రి వెళ్లిపోతే ఇక విడిపోయినట్టాండీ, కలిసున్నట్టాండీ?”

ఆ ప్రశ్నకు నేనా దినమున సగము సమాధానమే చెప్పగలిగితిని. తక్కిన సగము చెప్పుటకు లండను నగరముదాక పోవలసిన పనిలేదని తరువాత తోచినది. అంతకు ఐదేండ్లకు ముందు, 2014 ఫిబ్రవరి 19వ తేదీని, మన గోదావరి జిల్లాలలోని ప్రతి అరుగుమీదను, ప్రతి కాఫీ హోటలునందును ఇదే ప్రశ్న వేరు పేర్లతో వినబడుచుండెను. నన్నడిగిన బాలుడప్పటికి మూడవ తరగతి చదువుచుండెను గాన వాడెరుగడు. నేడు మన పాఠశాలలో చదువు పిల్లలలో పెక్కండ్రు అప్పటికి ఉయ్యాలలోనుండిరి. వారి తలిదండ్రులు మాత్రమెరుగుదురు. కావున ఈ వ్యాసమును పిల్లలు చదివి, తెలియని చోట్ల ఇంటనున్న పెద్దలనడిగి సరిచూచుకొనవచ్చును.

ముందుగా బ్రిటను సంగతి క్లుప్తముగా చెప్పెదను. ఆ దేశము యూరపు సమాఖ్యయందుండవలెనా, విడిపోవలెనా యని 2016 జూన్ 23న అచ్చటి ప్రజలు ఓటు వేసిరి. విడిపోవలెనన్నవారు నూటికి 51.9 మంది, ఉండవలెనన్నవారు 48.1 మంది. ఉండవలెనని ప్రచారము చేసిన ప్రధానమంత్రి డేవిడ్ కామెరాను మరునాడే తాను తొలగెదనని చెప్పెను. ఆయన స్థానమున జూలై 13న వచ్చిన థెరెసా మే సమాఖ్యతో విడుదల ఒడంబడిక నొకదానిని కుదుర్చుకొనెను గాని, కామన్సు సభ 2019 జనవరి, మార్చి నెలలలో దానిని మూడు మారులు త్రోసివేసెను. మొదటిసారి అనుకూలముగా 202 ఓట్లును, ప్రతికూలముగా 432 ఓట్లును పడినవి. ఆమె తొలగిన పిమ్మట క్రొత్త ప్రధానిని నిర్ణయించినవారు దేశప్రజలు గారు, పాలకపక్షమగు కన్సర్వేటివు పార్టీలో చందా కట్టిన సభ్యులు. వారు సుమారు 1,60,000 మంది. మన రాజమహేంద్రవరము జనాభా 2011 లెక్కలలో 3,40,000కు పైబడినది గాన, ఆ సభ్యులందరిని జేర్చినను ఈ నగరములో సగమునకు చాలరు. వారిలో 92,153 మంది బోరిస్ జాన్సనును, 46,656 మంది జెరెమీ హంటును కోరిరి. ఆరున్నర కోట్లకు మించిన ప్రజలకు ప్రధాని ఈ విధముగా లభించెను.

ఇది చట్టవిరుద్ధము గాదు. సభయందు ఎవరికి బలముండునో వారే ప్రధాని. ఈ పద్ధతినే మనమును స్వీకరించితిమి. ఐనను ప్రజలకు భయము కలిగినదనిన ఆశ్చర్యము లేదు. విడిపోవుటకు ఏర్పడిన గడువు అక్టోబరు 31వ తేదీ దగ్గరపడుచుండెను; ఒడంబడిక లేదు; ఔషధములు సరిహద్దు దాటి వచ్చునా, ఐర్లండు సరిహద్దున మరల కావలివాండ్రు నిలుతురా, అచ్చటి ఆసుపత్రులలో పనిచేయు పరదేశీయుల గతియేమి యని జనులు దినదినము పత్రికలు తిరుగవేయుచుండిరి. క్రొత్త ప్రధాని పార్లమెంటును కొన్ని వారములు మూసివేయ సలహా ఇచ్చినప్పుడు, ఆ సలహా చెల్లదని సెప్టెంబరు 24న అత్యున్నత న్యాయస్థానమున 11 మంది న్యాయాధిపతులును ఏకకంఠముగా తీర్పు చెప్పిరి. గడువు మరల పొడిగింపబడెను. డిసెంబరు 12న జరిగిన సాధారణ ఎన్నికలలో జాన్సను పక్షమునకు 365 స్థానములు లభించినవి. 2020 జనవరి 31న బ్రిటను సమాఖ్యను వీడెను.

కావున నా విద్యార్థికి నేనా దినమున చెప్పిన సగము సమాధానమిది: ప్రధాని తొలగినంతమాత్రమున ప్రజల ఓటు రద్దు గాదు, చట్టములో వ్రాసిన తేదీ చెరిగిపోదు. మార్చవలెననిన మరల చట్టమునే మార్చవలెను.

ఇక మన కథ. దీనికి మొదలు 2014 గాదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డిగారు హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. ఆయన స్థానమునకు కొణిజేటి రోశయ్యగారు వచ్చిరి. వారు వచ్చిన మూడు నెలలలోనే కె. చంద్రశేఖరరావుగారు తెలంగాణ రాష్ట్రము కొరకు నిరాహారదీక్ష పూనుటయు, డిసెంబరు 9వ తేదీ రాత్రి కేంద్ర హోముమంత్రి చిదంబరముగారు తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ ప్రారంభింపబడునని ప్రకటించుటయు జరిగెను. ఆ ప్రకటనకు కోస్తా, రాయలసీమలయందు అలజడి రేగగా, డిసెంబరు 23న విస్తృతసంప్రదింపులు అవసరమని మరియొక ప్రకటన వెలువడెను. పిదప శ్రీకృష్ణ సంఘము వచ్చెను, నివేదిక ఇచ్చెను. 2010 నవంబరులో రోశయ్యగారు తొలగిరి, నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. బ్రిటనులో మూడేండ్లలో ముగ్గురు ప్రధానులు మారిరని మనము వింతపడితిమి గాని, విభజన తగవు నడుమ మన రాష్ట్రమున ఏడాది మూడు నెలలలోపలనే ముగ్గురు ముఖ్యమంత్రులైరి.

2013 జూలై 30న కాంగ్రెసు కార్యవర్గము తెలంగాణ ఏర్పాటునకు తీర్మానించెను. తెలంగాణ జిల్లాలవారికి అది దశాబ్దముల కోరిక ఫలించిన దినము. 1969లో అచ్చటి విద్యార్థులు ప్రాణములొడ్డిన సంగతి మనము మరువరాదు. మన డెల్టాయందు మాత్రము ఆ రాత్రి ఇంటింట విచారమే. దానికి కారణము కేవలము అభిమానమని అనుకొనువారు పొరపడుదురు.

మన ప్రాంతపు గృహస్థుడు పంట లాభముతో ఊరిలో మరియొక ఎకరము కొనుటకు బదులు, పిల్లవానిని హైదరాబాదులో ఇంజనీరింగు చదివించి, అచ్చటనే చిన్న ఫ్లాటు కొనుట ముప్పది ఏండ్లుగా అలవాటైనది. కాకినాడనుండి సికిందరాబాదునకు పోవు గౌతమీ ఎక్స్‌ప్రెస్సులో, నరసాపురము ఎక్స్‌ప్రెస్సులో, రావులపాలెమున ఆగు రాత్రి బస్సులలో కూర్చున్నవారి నడిగినచో, కుమారుని యింటికి పోవు తల్లియో, పరీక్షకు పోవు విద్యార్థియో, ఆసుపత్రికి పోవు వృద్ధుడో తప్పక యుండును. పచ్చడిజాడీలును, కొబ్బరికాయలును, పూతరేకుల పెట్టెలును ఆ బండ్లలోనే పోవును. అట్టి నగరము పరరాష్ట్రమగునన్నప్పుడు “అక్కడి ఉద్యోగము నిలుచునా, ఫ్లాటు మనదేనా, పిల్లకు సీటు వచ్చునా” యను మూడు ప్రశ్నలును రాజకీయప్రశ్నలు గావు, ఇంటి ప్రశ్నలు. హైదరాబాదునకు పోవుటకు ఇకమీదట చీటీ కావలెనని మా వీధిలో నొక పెద్దమనిషి నిజముగానే నమ్మియుండెను. నవ్వితిమి గాని, ఆయనకు నచ్చజెప్పుటకు మాలో నెవ్వనికిని చట్టము తెలియకుండెను.

రెండవది నీటి భయము. దీనిని కొంచెము వివరింపవలెను. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనప్పటినుండి మన బ్రతుకు కాలువల మీదనున్నది. తొలకరి పంటకు గోదావరియందు నీటికి కొదువలేదు; వరదయే బాధ. దాళ్వాకు మాత్రము నది సన్నగిల్లును. అప్పుడు కాలువలలో పారు నీటిలో గొప్పభాగము సీలేరు జలవిద్యుత్కేంద్రములనుండి విడువబడి, శబరిలో కలిసి, కూనవరము వద్ద గోదావరిలో చేరి వచ్చినదే. దిగువ సీలేరు కేంద్రము చింతూరు మండలములోని మోతుగూడెమున నున్నది. ఆ మండలము 2014 వరకు ఖమ్మము జిల్లాలోనిది. అనగా రాష్ట్రము విడిపోయినచో దాళ్వా నీటి తాళపుచెవి యొకటి పరరాష్ట్రమున నుండవలసివచ్చును. కోనసీమ రైతు ఈ లెక్కను పుస్తకములో చదువలేదు గాని, బాగుగనే యెరుగును.

ఆ వేసవి గడచిన పిదప జరిగినదంతయు వ్రాయుటకు స్థలము చాలదు. ఆగస్టు 12వ తేదీ అర్ధరాత్రి మొదలు అక్టోబరు నడుమవరకు ప్రభుత్వోద్యోగులు సమ్మెలోనుండిరి. బస్సులు నిలిచినవి. ఉపాధ్యాయులును చేరిరి గాన చాల బడులు మూతబడెను. ఆ ఏటి పదవ తరగతి పిల్లలు పోగొట్టుకొనిన దినములను ఆదివారములందు కూడ పాఠములు చెప్పి పూరింపవలసివచ్చెను. అక్టోబరు మొదటి వారమున విద్యుదుద్యోగులును పని మానగా ఊళ్లు చీకటిలో మునిగినవి. ఇంతలో ఫైలిన్ తుపాను బంగాళాఖాతమున లేచెనను వార్త రాగా వారు సమ్మె విరమించిరి. ఆ తుపాను ఒడిసా తీరమునకు పోయినది గాని, నవంబరు 22న హెలెన్ తుపాను మచిలీపట్నమునకు చేరువను తీరము దాటి మన వరిచేలను, కొబ్బరితోటలను పడగొట్టెను. పడిపోయిన చేను ప్రక్క నిలిచి “ఎవరికి అర్జీ పెట్టుకొనవలెనండీ, ఉన్న ప్రభుత్వమునకా, రాబోవు ప్రభుత్వమునకా” యని యడిగిన కౌలురైతు మాట నాకిప్పటికిని వినబడుచున్నట్లుండును. నాయకత్వపు అనిశ్చయము అనగా నేమో పాఠ్యపుస్తకముకంటె ఆ మాట యెక్కువ తెలిపినది.

ఇప్పుడు రాజ్యాంగము సంగతి. క్రొత్త రాష్ట్రములను ఏర్పరచు అధికారము మన రాజ్యాంగపు 3వ అధికరణము ననుసరించి పార్లమెంటునకు కలదు. రాష్ట్రపతి ఆ బిల్లును సంబంధించిన రాష్ట్ర శాసనసభకు పంపి అభిప్రాయము కోరవలెను, అంతే. ఆ అభిప్రాయమునకు పార్లమెంటు కట్టుబడనక్కరలేదు. మన శాసనసభ 2014 జనవరి 30న బిల్లును తిరస్కరించుచు మూజువాణి ఓటుతో తీర్మానించెను. ఐనను ఫిబ్రవరి 13న బిల్లు లోకసభకు వచ్చెను. ఆ దినమున సభలో మిరియపుపొడి చల్లుటవంటి పనులు జరిగినవి. దానిని గూర్చి పిల్లలు చదువు పత్రికలో ఎక్కువ వ్రాయను. 18వ తేదీని, టెలివిజను ప్రసారము నిలిచియుండగా, లోకసభ బిల్లును ఆమోదించెను. మరునాడు ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డిగారు రాజీనామా చేసిరి. 20వ తేదీని రాజ్యసభయు ఆమోదించెను.

బ్రిటనుకును మనకును ఇచ్చట భేదము గమనింపదగినది. అచ్చట ప్రజలు స్వయముగా ఓటు వేసిరి, ఎట్లు విడిపోవలెనో పార్లమెంటు తేల్చుకొనలేకపోయెను. ఇచ్చట ప్రజలను ఓటు అడుగలేదు, పార్లమెంటు మాత్రము ఏడు దినములలో తేల్చివేసెను. ఏది మేలని నన్నడిగినచో, రెండింటిలోను ఏదో యొక వైపువారు తమ మాట వినబడలేదని తలతురని మాత్రము చెప్పగలను. నాయకులలోను భేదము కలదు. మే దొరసాని తాను ఓటువేయని మార్గమున దేశమును నడుపబూనెను. కిరణ్‌కుమార్‌రెడ్డిగారు తమ పార్టీ నిర్ణయమునే ఎదిరించి, ఆ మార్గమున నడువజాలక దిగిపోయిరి. ఆయన ముందే దిగిపోయియుండినచో బిల్లు ఆగెడిదని నేటికిని మన అరుగులమీద వాదించువారు కలరు. 3వ అధికరణమును చదివినవారట్లు తలపరు. రాజమహేంద్రవరమునుండి లోకసభకు ఎన్నికైన ఉండవల్లి అరుణకుమారుగారు బిల్లు ఆమోదింపబడిన తీరును ప్రశ్నించుచు సుప్రీముకోర్టునకే పోయిరి. కాకినాడ సభ్యులు పళ్లంరాజుగారు అప్పటికి కేంద్ర మంత్రివర్గమునందే యుండిరి. ఒకే గోదావరి నీరు త్రాగిన ఇద్దరిలో ఒకరు పార్టీచే బహిష్కృతులైరి, ఒకరు మంత్రివర్గమున నుండిరి. ఇరువురి మాటయు బిల్లును ఆపజాలకపోయెను.

ముఖ్యమంత్రి రాజీనామా చేసిన నాడు మా పాఠశాల వరండాలో పిల్లలు మూగి “ఇప్పుడు మా పరీక్షలుంటాయాండీ?” యని యడిగిరి. నవ్వదగిన ప్రశ్న గాదు. గవర్నరు నరసింహనుగారు వేరు ఏర్పాటు జరుగువరకు కొనసాగుడని ముఖ్యమంత్రిని కోరిరి. మార్చి 1న రాష్ట్రపతిపాలన విధింపబడెను. శాసనసభ రద్దుగాక నిద్రావస్థయందుంచబడెను. రాష్ట్రపతిపాలన అనగా పాలన లేకపోవుట గాదు. కలెక్టరు, తహసీలుదారు, విద్యాశాఖాధికారి, కాలువ లస్కరు, పోలీసు, తపాలా బంట్రోతు — వీరిలో నొక్కడును రాజీనామా చేయలేదు. పరీక్షలు జరిగినవి, చింతపండు రంగు సిరాతో పాత పద్ధతినే మార్కుల జాబితాలు వచ్చినవి. మారినది ఆజ్ఞల క్రింద సంతకము మాత్రమే.

కాని ఒక విషయమున నాయకుల మార్పు మనకు నిజముగనే నష్టము తెచ్చినది. పిల్లలు దీనిని శ్రద్ధగా గ్రహింపవలెను. ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహనుసింగుగారు, 13 జిల్లాల ఆంధ్రప్రదేశమునకు ఐదేండ్లు ప్రత్యేకహోదా ఇవ్వబడునని వాగ్దానము చేసిరి. అది సభలో పలికిన మాట. చట్టములో చేర్చిన మాట గాదు. మే 16న ఎన్నికల ఫలితములు రాగా ఆయన పదవి ముగిసెను. 26న నరేంద్రమోదీగారు ప్రమాణము చేసిరి. జూన్ 2న రాష్ట్రము విడిపోయెను. మాట ఇచ్చిన ప్రభుత్వము పోయినది, మాట నెరవేర్చు దినము తరువాత వచ్చినది. 2016 సెప్టెంబరులో హోదాకు మారుగా ప్రత్యేకసహాయము ప్రకటింపబడెను. అదే కాలమున పుట్టిన మరియొక వాగ్దానమును దీనితో పోల్చి చూడుడు: పోలవరము జాతీయ ప్రాజెక్టు అని పునర్విభజనచట్టము 90వ విభాగమున అక్షరములతో వ్రాయబడినది. దాని నిర్మాణమున జాప్యములు కలిగినవి, లెక్కల తగవులు కలిగినవి, ఊళ్లు విడిచినవారి కష్టములు నేటికిని తీరలేదు. ఐనను అది కేంద్రమునకు చెందినది గాదని చెప్పుటకు ఏ ప్రభుత్వమునకును వీలు లేకపోయినది. ఎన్నికలలో పక్షములు మారినను వ్రాసినది వ్రాసినట్లే నిలిచెను.

హైదరాబాదును గూర్చిన భయములకు చట్టము కొంతవరకు సమాధానము చెప్పెను. అది పదేండ్లకు మించకుండ ఉమ్మడి రాజధాని. అచ్చటి జనుల ప్రాణములకు, ఆస్తులకు రక్షణ చూచుట గవర్నరు ప్రత్యేకబాధ్యత. కళాశాలలలో ప్రవేశములకు ఉన్న పద్ధతియే పదేండ్లవరకు సాగవలెను. ఫ్లాటులు ఎవ్వరును లాగుకొనలేదు. చీటీ యడుగలేదు. గౌతమీ ఎక్స్‌ప్రెస్సు ఎప్పటివలెనే కిక్కిరిసి పోవుచుండెను. 2024 జూన్ 2తో ఆ పదేండ్ల గడువు తీరినది. ఉమ్మడి ఆస్తులును అప్పులును జనాభా ననుసరించి ఆంధ్రకు 58.32, తెలంగాణకు 41.68 వంతున పంచుకొనవలెనని యుండెను. అందులో 9వ, 10వ షెడ్యూళ్లలోని సంస్థల పంపకమే పదేండ్లు గడచినను తెగలేదు. అన్నదమ్ముల పంపకములలో పొలముకంటె ఉమ్మడి బావియే చిక్కు తెచ్చునని మన పెద్దలెరుగుదురు.

రాజధాని చూడగా మన డెల్టాకు అలవాటైన సంగతియే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము మదరాసు నగరమును వదలుకొని కర్నూలు గుడారములలో ఆరంభమయ్యెను. దాని మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశంపంతులుగారు. ఒకప్పుడు ఈ రాజమహేంద్రవరమున వకీలుగను, పురపాలకసంఘాధ్యక్షులుగను ఉండినవారు. క్రొత్త రాష్ట్రము నడక నేర్వకమునుపే, 1954 నవంబరులో, మద్యనిషేధమును గూర్చిన వివాదమున ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వము పడిపోయెను, రాష్ట్రపతిపాలన వచ్చెను, 1955లో ఎన్నికలు జరిగినవి. ఆ మీదటి ఏడే, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదునకు మారెను. మరల 1972లో ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీముకోర్టు తీర్పు చెప్పగా జైఆంధ్ర ఉద్యమము లేచి, 1973 జనవరిలో పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రి పదవి వదలిరి. అప్పుడును రాష్ట్రపతిపాలనయే. సెప్టెంబరులో ఆరుసూత్రముల పథకము వచ్చి, డిసెంబరులో జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రియైరి. మన పిల్లలు ప్రవేశపు దరఖాస్తులలో నింపు “లోకలు ఏరియా” యను గడి ఆ తగవునుండి పుట్టినదే. అనగా కలయుటయో విడిపోవుటయో నడుచుచుండగా నాయకుడు దిగిపోవుట 2014కు పూర్వమే మన తాతలు రెండు మారులు చూచియుండిరి.

2014 పిమ్మట రాజధాని సంగతి మరల నాయకుల మార్పునకు లోబడెను. ఎచ్చట నుండవలెనో చట్టము చెప్పలేదు. 2014లో అమరావతి నిర్ణయింపబడెను. 2019లో ప్రభుత్వము మారగా మూడు రాజధానుల మాట వచ్చెను. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చెను. 2024లో ప్రభుత్వము మారగా అమరావతి పనులు తిరిగి మొదలాయెను. చట్టమున వ్రాయక విడిచిన చోటనే ఇంత ఊగులాట కలిగినదని నా తలంపు. బ్రిటనునందును 2022లో ఒక్క వేసవి, శరత్కాలములలో జాన్సను, లిజ్ ట్రస్సు, రిషి సునాకు ఒకరి వెనుక నొకరు ప్రధానులైరి. ట్రస్సు 49 దినములే యుండెను. అంతలో సమాఖ్యను వీడిన చట్టము వెనుకకు పోలేదు.

ఇక మొదట చెప్పిన సీలేరు మాట మిగిలినది. పోలవరము ముంపునకు గురియగు ఖమ్మము జిల్లా మండలములను ఆంధ్రప్రదేశమున జేర్చు అత్యవసరశాసనము 2014 మే 29న, రాష్ట్రము విడిపోవుటకు నాలుగు దినములు ముందుగా వెలువడెను. జూలైలో పార్లమెంటు దానిని చట్టము చేసెను. తెలంగాణవారు దానిని అన్యాయమని ఖండించి బందు పాటించిరి. దాని ఫలముగా చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, భద్రాచలము పట్టణము విడిచి దాని గ్రామములు తూర్పుగోదావరిలోను, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులోని కొన్ని గ్రామములు పశ్చిమగోదావరిలోను చేరెను. మోతుగూడెపు విద్యుత్కేంద్రము ఇటు వచ్చినది. మన దాళ్వా రైతులు నెమ్మదిగా ఊపిరి విడిచిరి. ఆ మండలములలోని గిరిజనులను ఏ వైపువారును ఓటు అడుగలేదు.

భద్రాచలము ప్రాంతము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిదే. 2014 జూన్‌లో కూనవరమునుండి తండ్రి యొకడు కుమారుని మా పాఠశాలలో చేర్చుటకు రాత్రంతయు ప్రయాణము చేసి వచ్చెను. దరఖాస్తులో “జిల్లా” యను చోట ‘ఖమ్మము’ అని వ్రాసి, కొట్టివేసి, ఏమి వ్రాయవలెనో తెలియక కలము పట్టుకొని కూర్చుండెను. “మా నాయన పుట్టినప్పుడు తూర్పుగోదావరండీ, నేను పుట్టినప్పుడు ఖమ్మమండీ. వీడికేమిటో మీరే చెప్పండి,” అనెను. నేను ‘తూర్పుగోదావరి’ యని వ్రాయించితిని. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మరల విభజింపబడి కూనవరము అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది గాన, ఆ బాలుని తమ్ముని దరఖాస్తులో మరియొక పేరు వ్రాయవలసివచ్చెను.